యిర్మీయా 29:11 మీ వాగ్దాన కార్డులో వచ్చిందా? ముందు ఆ ఉత్తరం మొత్తం చదవండి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. డిసెంబర్ 31 రాత్రి మన చర్చిల్లో ఏం జరుగుద్దో మీకు తెలిసిందే, పన్నెండు దాటగానే ఒకళ్లకొకళ్లు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకుని లైన్లో వెళ్లి స్టీలు పళ్లెంలో బోర్లించిన, ఒక్కో బైబిల్ వచనం రాసున్న వాగ్దాన కార్డుల్లోంచి ఒకటి తీసుకుంటాం. నేనూ తీసుకుంటా, మా అమ్మయితే ఎన్నో ఏళ్ల కార్డులు బైబిల్లో దాచుకుంది, కొన్నిటి అంచులు పసుపు రంగుకి తిరిగిపోయాయి. కార్డులు తప్పని చెప్పడానికి కాదు ఈ వీడియో. ఆ కార్డుతో తర్వాత మనం చేసే పనే నన్ను బాధపెడుతుంది. యిర్మీయా 29:11 వచ్చిందనుకోండి, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని, ఇంక జనవరిలో వీసా ఇంటర్వ్యూకి అదే కన్ఫర్మేషన్, ఇంటికొచ్చిన సంబంధానికి అదే, అప్పు చేసి కొనబోయే ఫ్లాటుకీ అదే.

ఒక్క విషయం ఊహించుకోండి. ఫోన్లు లేని రోజుల్లో మీ నాన్న గల్ఫ్‌లో పనిచేస్తున్నాడు, ఇంటికి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. చెల్లి ఫీజు కట్టండి, మోటారు బాగుచేయించండి, పొలం అమ్మమని ఎవరొచ్చినా నేనొచ్చేదాకా మాట్లాడొద్దు, నేను రావడానికి ఇంకా మూడేళ్లు పడుద్ది, దిగులుపడకండి అంతా బాగానే ఉంటది అని. మీరు ఆ చివరి మాట ఒక్కటే కత్తిరించి గోడకి అంటించారు. రేపు పొలం బేరం వచ్చింది, అప్పుడు గోడ ముందు నిలబడి "నాన్న మనసులో ఏముందో తెలియట్లేదే, ఏదైనా సూచన వస్తే బాగుండు" అని ఏడుస్తున్నారు. ఆయన రెండో పేజీలో రాశాడు కదండీ!

యిర్మీయా 29 నిజంగానే ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజైన యెకోన్యాని, అతని తల్లిని, శిల్పకారుల్ని, కంసాలుల్ని బబులోనుకి చెరపట్టుకుపోయాడు, యెరూషలేములో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త వాళ్లకి రాసి పంపించిన ఉత్తరం ఇది. దూరం ఎంతంటే తర్వాతి కాలంలో ఎజ్రా అనే యాజకుడు బబులోను నుంచి యెరూషలేముకి రావడానికి 4 నెలలు పట్టింది. అంత దూరం మోసుకొచ్చిన ఉత్తరం విప్పితే అందులో ఏముంది? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకుని వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. ఇదంతా 5 నుంచి 7 వచనాల్లో ఉంది. తర్వాత 10వ వచనంలో 70 ఏళ్లు అన్నాడు. అంటే ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే సమాధి అయిపోతారు, వాళ్లకి చెప్పిన మాటండీ మన 11వ వచనం, మనం దాన్ని మూడు నెలల్లో వీసా అని చదువుకుంటున్నాం.

దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని దేవుని పేరు మీదే చెప్పాడు, జనానికి కావాల్సింది అదే. బబులోను రాజుకి లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడి తీసి విరగ్గొట్టాడు కూడా. యిర్మీయా అప్పుడేం చేశాడో చూడండి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ప్రవక్త అయ్యుండి కూడా దేవుని మాట వచ్చేదాకా నోరు తెరవలేదు! నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఇంకోటి గమనించారా, ఇల్లు కట్టుకోమన్నాడు గానీ ఏ వీధిలోనో చెప్పలేదు. తోటలో ఏ చెట్టు వేయాలో చెప్పలేదు. పెళ్లి చేసుకోమన్నాడు, పేరు చెప్పలేదు. అదంతా వాళ్లే కూర్చుని ఆలోచించుకోవాలి, నేల చూసుకోవాలి, మనుషుల్ని కనుక్కోవాలి. నాన్న ఏ మెకానిక్‌ని పిలవాలో రాయలేదు, ఎందుకంటే కొడుకు కనుక్కోగలడని ఆయన నమ్మకం. దేవుడు మాట్లాడడని నేననట్లేదు, మాట్లాడతాడనే నమ్ముతా, కానీ ఆయనిచ్చిన బుర్రని వాడటం అవిశ్వాసం అని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోను.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే మా అక్క పెళ్లప్పుడు అబ్బాయి తరపువాళ్లు "ప్రార్థనలో దేవుడు మాకు మీ అమ్మాయినే చూపించాడు" అన్నారు. నాన్న ఒకసారి అబ్బాయి పనిచేసే చోటికెళ్లి కనుక్కొస్తానంటే, దేవుడు బయలుపరిచాక ఎంక్వైరీ ఏంటండీ అని అందరూ ఆపేశారు. పెళ్లయిన రెండో నెలలో తెలిసింది అసలు ఉద్యోగమే లేదని, బండి మీద కూడా అప్పు ఉందని. "యుక్తిలేనివాడు ప్రతి మాట నమ్మును" అని సామెతలు 14:15లో ఉంది, మా ఇంట్లో పొద్దున్నే సామెతలు చదువుతాం, ఆ వచనం ఎన్నిసార్లు చదివుంటామో. రెండో పేజీ అంటే అదే. ఆ రోజు నాన్నని వెళ్లనిచ్చి ఉంటే అని అక్క ఇప్పటికీ అంటుంది.

టైం అయిపోతుంది కాబట్టి మిగతాది స్పీడుగా చెప్పేస్తా. యాకోబు 1:5లో మనల్ని అడగమన్నది జ్ఞానం. అపొస్తలుల కార్యములు 16లో పౌలుకి ఆసియలో చెప్పొద్దని ఆత్మ ఆపాడు, బితూనియకి వెళ్దామంటే అదీ కాలేదు, త్రోయలో మాసిదోనియకి రమ్మనే దర్శనం వచ్చాక కూడా "మేము" నిశ్చయించుకున్నాం అని రాశాడు లూకా, అంటే అందరూ కలిసి చూసుకున్నారు, పౌలు ఒక్కడే చెప్పేయలేదు.

ఆఖరిది, యిర్మీయా 42. యెరూషలేము పడిపోయాక మిగిలినవాళ్లు ఐగుప్తుకి పోదామని బయల్దేరి బేత్లెహేము దగ్గర ఆగారు, మూటలు కట్టేసి ఉన్నాయి, అప్పుడొచ్చి "మా కోసం ప్రార్థన చెయ్యి, మంచైనా చెడైనా దేవుడు చెప్పినట్టే చేస్తాం" అని యిర్మీయాని అడిగారు. జవాబు రావడానికి 10 రోజులు పట్టింది. వెళ్లొద్దు, ఇక్కడే ఉండండి అన్నాడు దేవుడు. నువ్వు అబద్ధం చెప్తున్నావ్ అన్నారు వాళ్లు, వెళ్లిపోయారు, యిర్మీయాని కూడా వెంట తీసుకుపోయారు. ఈ రాత్రి ప్రార్థనకి ముందు 42, 43 అధ్యాయాలు చదవండి, పది నిమిషాలు చాలు, చదివి మీ మూట ముందే కట్టేసుందేమో చూసుకోండి. అపొస్తలుల కార్యములు 16 గురించి నెక్స్ట్ వీడియోలో వివరంగా మాట్లాడుకుందాం. వందనాలు.