సాలమాంకా మీదుగా పోవద్దు

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వెనక పులిహోర సర్దుతూనే ఇటు చెవి వేసిన అక్కలకు నమస్కారాలు. పేర్లన్నీ చెప్తే నాకిచ్చిన ఇరవై నిమిషాలు అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి.

నన్ను మెక్సికో వాళ్ల మరియాచి సంగీతం గురించి మాట్లాడమన్నారు. టెక్సస్‌లో, ఈ శాన్ ఆంటోనియోలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నవాణ్ని కదా అని. నేనూ బాగానే రాసుకొచ్చాను. హలిస్కో రాష్ట్రంతో మొదలుపెట్టి, వయొలిన్లు, ట్రంపెట్లు, పొట్ట ఉబ్బెత్తుగా ఉండే పెద్ద గిటార్రోన్, 2011లో యునెస్కో గుర్తింపు, అంతా ఈ కాగితంలో ఉంది. కానీ వచ్చేటప్పుడు కార్లో ఒక పాట విన్నాను. కాగితం జేబులో పెట్టేస్తున్నాను. ఆ ఒక్క పాట సంగతే చెప్తాను.

పాట పేరు 'కామినోస్ దె గ్వానహ్వాతో'. గ్వానహ్వాతో దారులు అని, గ్వానహ్వాతో మెక్సికోలో ఒక రాష్ట్రం. కట్టినాయన హోసే అల్ఫ్రెడో హిమేనెస్. ఆయన పేరు తెలియకపోయినా ఆయన 'ఎల్ రెయ్' పాట ఈ ఊళ్లో ఏదో ఒక హోటల్లో మీ చెవిన పడే ఉంటుంది.

1926 జనవరి 19న దొలోరెస్ హిదాల్గోలో పుట్టాడు. 1810లో మెక్సికో స్వాతంత్ర్య పోరాటానికి పిలుపు వచ్చిన ఊరది. తండ్రికి మందుల షాపు ఉండేది. ఆయన చనిపోయాక ఇల్లు తలకిందులైంది, పిల్లవాడు మెక్సికో సిటీ చేరాడు. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా ఆడాడు. 'లా సిరేనా' అనే హోటల్లో వెయిటర్‌గా పనిచేశాడు. 1950లో ఆయన కట్టిన 'యో' అనే పాట రికార్డుగా వచ్చింది, ఇంక ఆగలేదు.

ఈయనకి సంగీతం రాయడం రాదండీ. ఏ వాయిద్యమూ రాదు, మన పిల్లలు ఇక్కడ నేర్చుకునే గిటార్ కూడా రాదు. పాట మనసులో కట్టుకుని, కూనిరాగం తీసో ఈల వేసో వినిపించేవాడు. రుబెన్ ఫ్వెంతెస్ లాంటి సంగీతం తెలిసినవాళ్లు దాన్ని స్వరాల్లో పెట్టి వాద్యాలకు పంచేవారు. కిందటి నెల ఇదే హాల్లో ఒకాయన నాతో వాదించాడు, స్వరం రాయడం రానివాణ్ని కంపోజర్ అని ఎలా అంటారు అని. అంటారు. మాటా ఆయనదే, వరసా ఆయనదే అయినప్పుడు మన భాషలో దానికి ఎంత పెద్ద మాట ఉందో, వాగ్గేయకారుడు, ఆ మాట ఈయనకి ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.

సరే, పాట. 'జీవితానికి విలువ లేదు, ఏడుపుతో మొదలవుతుంది, ఏడుపుతోనే ముగుస్తుంది' అని ఎత్తుకుంటాడు. ఈ ఎత్తుగడ విని చాలామంది దీన్ని తాగుబోతు పాట అనుకుంటారు. మొన్న ఒక పుట్టినరోజు విందులో మరియాచి వాళ్లు మా టేబుల్ దగ్గరికి వచ్చి ఇదే పాట ఎత్తుకుంటే, మనవాళ్లే, ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తూ కేకలు, నవ్వులు. ఆ వయొలిన్ వాయించే పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి, కళ్లు మూసుకుని పాడుతున్నాడు. నాకు చాలా బాధేసింది. చెప్పలేకపోయాను, అందుకే ఇవాళ చెప్తున్నాను.

ఇది తోడబుట్టినవాడు పోతే ఏడ్చిన పాటండీ. హోసే అల్ఫ్రెడో సోదరుడు ఇగ్నాసియో, సాలమాంకా అనే ఊళ్లో చనిపోయాడు. గ్వానహ్వాతో రాష్ట్రంలోదే ఆ ఊరు. పాటలో ముందు లియోన్ ఊరి తిరనాళ్ల జూదం వస్తుంది. అప్పుడు ఉన్నట్టుండి దారితోనే మాట్లాడతాడు. ఇన్ని ఊళ్ల మీదుగా వెళ్లే దారీ, సాలమాంకా మీదుగా మాత్రం పోవద్దు, అక్కడ జ్ఞాపకం నన్ను గాయపరుస్తుంది, అడ్డదారులు పట్టి చుట్టూ తిరిగి పో, అటు వెళ్తే నేను చచ్చిపోతాను అంటాడు.

ఇక్కడున్న ఖమ్మం వాళ్లని అడుగుతున్నాను. హైదరాబాద్ నుంచి మనూరికి ఎటు పోతాం? సూర్యాపేట మీదుగానే కదా. 2009లో మా అన్నయ్య ఆ రోడ్డు మీదే పోయాడు. రాత్రిపూట లైట్లు లేకుండా ఆపిన లారీని వెనక నుంచి గుద్దుకున్నాడు. అప్పటి నుంచి నేను ఇండియా వెళ్లిన ప్రతిసారీ శంషాబాద్‌లో దిగి వరంగల్ మీదుగా వెళ్తాను. డ్రైవర్లు అడుగుతారు, "సార్, అటు రోడ్డు బాగుంది కదా, ఈ చుట్టుతిరుగుడు ఎందుకు?" అని. ఏం చెప్తాం. ఇంటికి చేరేసరికి పొద్దుపోతుంది. అమ్మ అన్నం చల్లారకుండా మూత పెట్టి కూర్చుంటుంది, ఇంతసేపేంట్రా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ పాటకి అర్థం చెప్పింది నాతో పనిచేసే గ్వానహ్వాతో అతను, లంచ్ టైంలో. సాలమాంకా దగ్గరికి వచ్చేసరికి నేను లేచి బయటికి వెళ్లిపోయాను. నా చిన్నప్పటి భాషలో నేను ఎవరికీ చెప్పలేని మాట, నాకు రాని భాషలో, నోట్స్ రాయడం రాని ఒక వెయిటర్ ఎప్పుడో అనేసి వెళ్లాడు.

టైం అయిందని సైగ చేస్తున్నారు, చూశాను, ఇంక రెండు మాటలు. పాట చివర్లో కుబిలేతే కొండ మీది క్రీస్తుని తలుచుకుని, శాంటా రోసా దారి పట్టి, ఆ గుట్ట దాటితే దొలోరెస్ కనిపిస్తుంది, నేనక్కడే ఉండిపోతాను మా సీమవాడా, నేను ప్రేమించే ఊరు అదే అంటాడు. 1973 నవంబర్ 23న, 47 ఏళ్లకే, లివర్ పాడై మెక్సికో సిటీలో చనిపోయాడు. తీసుకెళ్లి దొలోరెస్‌లోనే పాతిపెట్టారు. ఇప్పుడు ఆ సమాధి మీద పెద్ద సోంబ్రేరో టోపీ, దాని పక్కన రంగురంగుల దుప్పటిలా పరిచిన మొజాయిక్, దాని మీద ఆయన పాటల పేర్లు ఉంటాయి. జీవితానికి విలువ లేదన్న ఆ మొదటి మాట కూడా అక్కడ చెక్కారు.

ఇప్పుడు ఫోన్లో పాట పెడతాను. మైక్ దగ్గర పెడతాను, కాస్త ఆ ఫ్యాన్ ఆపండి. సాలమాంకా అన్న మాట వచ్చేటప్పుడు చెయ్యెత్తుతాను.