పింఛను ఆపేస్తే హైకోర్టు ఏమి చూస్తుంది?

[దృశ్యం: కోనసీమలో ఒక లంక ఊరు. గోదావరి పాయలో పంటు అవతలి రేవుకు వెళుతోంది.]

ఈ ఊళ్ళో ఒకామె ఉన్నారనుకుందాం. భర్త పోయారు. నెలకు 4,000 రూపాయల వితంతు పింఛనే ఆధారం. ఉన్న అర ఎకరం రొయ్యల చెరువుకు కౌలుకిచ్చారు. చెరువులో ఏరేటర్లు తిప్పే కరెంటు మీటరు మాత్రం ఆమె పేరు మీదే ఉండిపోయింది. ఒక నెల ఒకటో తేదీన పింఛను రాలేదు. గ్రామ సచివాలయంలో అడిగితే, "నెలకు 300 యూనిట్లు దాటింది, మీరు అనర్హులు" అన్నారు.

ఆ కరెంటు వాడింది కౌలుదారు. కానీ ఆ మాట చెప్పుకునే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

[దృశ్యం: అమరావతిలోని హైకోర్టు భవనం.]

రాజ్యాంగం 226వ అధికరణం కింద ఆమె హైకోర్టులో రిట్ పిటిషన్, అంటే ప్రభుత్వాధికారి నిర్ణయాన్ని సవాలు చేసే అర్జీ, వేయవచ్చు. అయితే ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఆమె పేదరాలా, కాదా అని హైకోర్టు సాధారణంగా మొదటి నుంచి విచారించదు. అధికారి ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో చూస్తుంది. నోటీసు ఇచ్చారా? ఆమె జవాబు విన్నారా? కారణం కాగితం మీద రాశారా? ఆ కారణం నిబంధనకు సరిపోతుందా?

కారణం రాయడం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది: చట్టబద్ధ అధికారంతో ఇచ్చిన ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి. తర్వాత కోర్టుకిచ్చే అఫిడవిట్‌లో (ప్రమాణ పత్రంలో) కొత్త కారణాలు చేర్చి దాన్ని నిలబెట్టడం కుదరదు. అంటే, ఈరోజు "యూనిట్లు" అని రాసిన ఆఫీసు రేపు కోర్టుకొచ్చి "భూమి ఎక్కువ" అని మాట మార్చలేదు. పేదవారికి ఇంతకంటే గట్టి ఆసరా నాకు కనబడదు.

కానీ నోటిమాటగా చెప్పి పంపేస్తే పట్టుకోవడానికి ఏముంది? అందుకే ముందు కాగితం సంపాదించాలి. రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. కింది స్థాయిలో మార్గం ఉండగా నేరుగా ఎందుకు వచ్చారని కోర్టు అడిగితే, ఆ రశీదే మీ జవాబు.

గెలిస్తే? చాలాసార్లు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, ఆమె మాట విని గడువులోగా మళ్ళీ నిర్ణయించమని అధికారికే పంపుతుంది. డబ్బు వెంటనే చేతికి రాకపోవచ్చు.

లాయరు ఖర్చుకు భయపడి ఆగిపోకండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు కూడా అంతే.

[దృశ్యం: సచివాలయం బల్ల మీద రెండు కాగితాలు.]

అర్జీ రెండు ప్రతులు రాయించండి. కౌలు కాగితం, కరెంటు బిల్లు జతపరచండి. ఒక ప్రతి వారికి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నాకే ఇంటికి బయలుదేరండి.