హ్యాండిచ్చింది ఎవరు?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అదీ ఈ వానలో, బాగ్‌లింగంపల్లి దాకా వచ్చారు. సంతోషం. కుర్రాళ్లంతా వెనక వరసల్లో సర్దుకున్నారు, చూశాను. తిట్టడానికి పిలవలేదు లెండి.

మొన్న ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఓ ఇరానీ హోటల్లో మా కాలేజీ పిల్లాడు కనిపించాడు. గడ్డం పెంచాడు. ఏంట్రా ఇది అంటే పక్కనున్న ఫ్రెండ్ జవాబిచ్చాడు: "హ్యాండిచ్చింది సార్." మావాడు ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి అలాగే పట్టుకున్నాడు. అది కాస్తా విరిగి కప్పులో పడింది. ఫ్రెండ్ వెళ్లాక మెల్లగా అన్నాడు: "హ్యాండేం లేదు సార్. అడిగాను, ఇష్టం లేదంది. అంతే. వీళ్లకి అలా చెబితే పరువు పోతుంది కదా."

ఒకసారి మన కుర్రాళ్ల మాటలు వినండి. అమ్మాయి ఒప్పుకుంటే 'పడింది'. ఒప్పుకోకపోతే 'ఇంకా పడలేదు'. కొన్నాళ్లకి వద్దనుకుంటే 'హ్యాండిచ్చింది'. ఆ పిల్ల ఆలోచించుకుని మర్యాదగా వద్దంది అనడానికి మాత్రం మాట లేదు. ఆ 'ఇంకా' అన్న ముక్క మీదే మన సినిమా ప్రేమకథ సగం నడుస్తుంది. 2004లో 'ఆర్య' వచ్చాక వన్‌సైడ్ లవ్ పెద్ద అర్హతైపోయింది. నువ్వు ప్రేమించకపోయినా పర్లేదు, నేను ప్రేమిస్తూనే ఉంటానంటాడు. ఎంత త్యాగమో! రోజూ వెనకాలే ఒకడు త్యాగం చేస్తూ వస్తుంటే ఆ పిల్ల బస్టాప్ మార్చుకోవాల్సి వస్తుంది. నేనేమీ శుద్ధపూసను కాదు. డిగ్రీ రోజుల్లో కోఠిలో మూడేసి బస్సులు వదిలేసి నిలబడ్డవాణ్ణే. ఆ వెంటపడటం 2013 నుంచి చట్టం లెక్కలో నేరం, తొలిసారికే మూడేళ్ల దాకా జైలు.

గడ్డానికి మూలపురుషుడు దేవదాసు. 1917లో అచ్చయిన శరత్ బెంగాలీ నవల్లోంచి వచ్చినా, 1953లో అక్కినేని వేశాక మనవాడైపోయాడు. ప్రేమలో దెబ్బతిన్న ప్రతి మగాడూ మనకి దేవదాసే. కానీ కథ గుర్తు చేసుకోండి. అర్ధరాత్రి పార్వతి తనంతట తానే అతని గదికొచ్చి అడిగింది. తండ్రికి ఎదురుచెప్పే దమ్ము లేక వెనక్కి తగ్గింది ఎవరు? హ్యాండిచ్చింది దేవదాసండీ! సీసా పట్టుకున్నాడు కాబట్టి జాలంతా అతనికి పోయింది. ఎదిగిన పిల్లలున్న జమీందారుకి రెండో పెళ్లామై వెళ్లిన పార్వతి ఏడుపు ఎవరికీ గుర్తు లేదు.

2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు ఈ ఊళ్లో గొడవ దేని మీద? పోస్టర్‌లో ముద్దు మీద. కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు బస్సు మీది పోస్టర్ చింపేశారు. సినిమాలో హీరో ఆ అమ్మాయిని ఒక్క మాట అడక్కుండానే తనదని కాలేజీలో చాటేస్తాడు. అది మన పెద్దల్లో చాలామందికి పట్టలేదు. మా అబ్బాయిల్ని ఏం నచ్చిందిరా అనడిగితే, "ఏడ్చాడు సార్, మనస్ఫూర్తిగా" అన్నారు. అక్కడ నేను ఆగిపోయాను. ఐదేళ్లప్పుడే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అని నోరు మూయించింది మనమే. ఏడవాలంటే ఇప్పుడు వాడికి గడ్డం కావాలి, సీసా కావాలి, మోసం చేసిన అమ్మాయి ఒకతి కావాలి. మోసం చేయకపోతే చేసిందని అనైనా అనాలి.

ఆ రోజు మావాడు అడిగాడు: "మరి వాళ్లకి ఏం చెప్పమంటారు సార్?"

"ఇష్టం లేదందని చెప్పు."

"నవ్వుతారు సార్."

నవ్వుతారనే అన్నాను. ఇంకో రెండు చాయ్ చెప్పాం.