స్పీడ్ ఉంది, సైటే రాదు: డీఎన్ఎస్ మారిస్తే పని అవుతుందా?

హాయ్ అండీ. ముందు ఈ స్క్రీన్ చూడండి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ ఇది, కంప్యూటర్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే చిట్టా. వరసగా పసుపు త్రికోణాలు, అన్నిటి పక్కనా ఒకటే నంబరు, 1014. అంటే కంప్యూటర్ సైటు పేరు చెప్పి అడ్రస్ అడిగితే ఒక్క డీఎన్ఎస్ సర్వరూ (సైటు పేరుకి నంబరు అడ్రస్ చెప్పే కంప్యూటర్) పలకలేదన్నమాట. కూకట్‌పల్లిలో మా ఇంట్లో నెల రోజులుగా ఇదే గోల. స్పీడ్ టెస్ట్‌లో వంద ఎంబీపీఎస్ వస్తుంది, కరెంటు బిల్లు కడదామంటే పేజీ తిరుగుతూనే ఉంటుంది.

నెట్ అన్నకి ఫోన్ చేస్తే "రౌటర్ ఆపి ఆన్ చెయ్యండి సార్" అన్నాడు. చేశా. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్ళీ మొదలు. అసలు క్లూ అక్కడే ఉంది, నాకే ఆలస్యంగా తట్టింది.

అందరూ చెప్పే మందు డీఎన్ఎస్ మార్చడం. గూగుల్‌ది 8.8.8.8, 2009 నుంచి ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే నెట్ కంపెనీది 1.1.1.1, 2018లో వచ్చింది. మార్చేముందు ఒక్క నిమిషం ఆగండి. కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల విండోలో, ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, పక్కన సైటు పేరు ఇవ్వండి. ఇదిగో, నాకు టైమౌట్, రెండు సెకన్లు అని చూపిస్తోంది. ఇప్పుడు అదే కమాండ్ చివర 1.1.1.1 చేర్చా. ఎంటర్ మీంచి వేలు తీసేలోపే జవాబు! అంటే నెట్ లైను బాగానే ఉంది. మన ప్రశ్న 192.168.1.1కి, అంటే ఇంట్లో రౌటర్‌కి వెళ్ళి అక్కడ ఇరుక్కుంటోంది. రెండు రకాలుగా అడిగినా టైమౌటే వస్తే మాత్రం డీఎన్ఎస్ జోలికి పోకండి, ముందు లైను చూపించుకోండి.

మా రౌటర్ టీవీ వెనక సెట్‌టాప్ బాక్స్ మీద ఉండేది. చెయ్యి పెడితే అట్లపెనం. వేడి వల్లే అని ఒట్టేసి చెప్పను గానీ, గూట్లోకి మార్చాక వార్నింగులు తగ్గాయి. దాదాపు పూర్తిగా పోయింది మాత్రం రౌటర్ సెట్టింగ్స్‌లో, డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకి నెట్ సెట్టింగ్స్ పంచేది) పేజీలో 1.1.1.1, 8.8.8.8 రెండూ పెట్టాకే. అక్కడ పెడితే ఫోన్లకీ టీవీకీ కూడా అవే అందుతాయి. ఇప్పుడు పొద్దున్నే కంప్యూటర్ నిద్ర లేచినప్పుడు ఒక్క 1014 వస్తుంది. అప్పటికి వైఫై ఇంకా కలవదు కదా, దానికి టెన్షన్ అక్కర్లేదు.

ఇక స్పీడు సంగతి. డీఎన్ఎస్ మారిస్తే డౌన్‌లోడ్ రెట్టింపు అవుతుందనే వీడియోలు నమ్మకండి. నాకు వంద వందలాగే ఉంది.

ఈ డీఎన్ఎస్ మందుకి పదికి ఎనిమిదిస్తా. రెండు మార్కులు మా ఆవిడ ఆఫీసు ల్యాప్‌టాప్ దగ్గర పోయాయి. అత్యుత్సాహంతో అందులోనూ చేత్తో 1.1.1.1 పెట్టేశా. ఆఫీసు లోపలి సైట్ల పేర్లు ఆఫీసు సర్వర్లకే తెలుసు, బయటివాళ్ళకి ఏం తెలుస్తాయి? ఒక్కటీ తెరుచుకోలేదు. పదకొండింటికి మీటింగ్ అట. పది యాభై ఎనిమిదికి మళ్ళీ ఆటోమేటిక్‌కి మార్చేశా.