మిర్చి మంటకూ మెదడుకూ మధ్య నానో రేణువులు

[తెర మీద: బాండీలోంచి తీస్తున్న మిర్చి బజ్జీలు]

గుంటూరు మిర్చి కొరికితే నోరు మండిపోతుంది. కానీ అప్పుడు థర్మామీటర్ పెట్టి చూడండి, నాలుక ఏమీ కాలిపోయి ఉండదు. మన నాడుల మీద టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తలుపులా తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి వెళ్తుంది, నాడి మెదడుకు కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ కూడా సరిగ్గా ఆ తలుపే తీస్తుంది! దీన్ని కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ అందుకున్నవారిలో ఒకరయ్యారు.

[తెర మీద: పుర్రె లోపలికి దిగిన తీగ, బొమ్మ]

ఒళ్లు వణికించే నాడీ జబ్బు పార్కిన్సన్స్ ముదిరిన కొందరికి డాక్టర్లు పుర్రెకు రంధ్రం చేసి, సన్నటి తీగలు మెదడు లోతుకు దించి, కరెంటుతో నాడీకణాలను కదిలిస్తారు. వణుకు తగ్గుతుంది. కాకపోతే ఆ తీగలు లోపలే ఉండిపోవాలి.

తీగే లేకుండా చేయగలమా? అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పోలినా అనికీవా బృందం చిట్టెలుకల్లో ఆ పని చేసి, 2015లో ప్రకటించింది. ముందు, ఒక వైరస్ సాయంతో టీఆర్‌పీవీ1 జన్యువును మెదడు లోపలి కణాల్లోకి పంపి, వాటికి ఆ మిర్చి తలుపు అమర్చారు. తర్వాత అక్కడే 22 నానోమీటర్ల ఐరన్ ఆక్సైడ్ రేణువులను ఇంజెక్ట్ చేశారు. ఒక్క వెంట్రుక మందంలో ఇలాంటివి వరసగా 3,000కు పైనే పడతాయి. బయట తీగచుట్ట పెట్టి, క్షణానికి లక్షల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రం పుట్టించారు. అది ఎముకనూ కండనూ ఇట్టే దాటిపోతుంది. రేణువులు మాత్రం వేడెక్కుతాయి, తలుపు తెరుచుకుంటుంది, కణం మేల్కొంటుంది. నెల తర్వాత కూడా అవే రేణువులు పనిచేశాయి. నాకైతే ఇది చదివిన రోజు నిద్ర పట్టలేదు.

[తెర మీద: రెటీనా చిత్రం]

కణాలను మేల్కొల్పడం చూశాం. ఇక వాటిని చావకుండా కాపాడటం. దీనికి సీరియం ఆక్సైడ్ నానో రేణువులు కావాలి. వాహనాల పొగను శుద్ధి చేసే పరికరాల్లో వాడే పదార్థమే. కణంలో పుట్టే హానికర ఆక్సిజన్ రూపాలను ఇది అణచేస్తుంది. మామూలు యాంటీ ఆక్సిడెంట్ ఒకసారి పనిచేసి ఖర్చయిపోతుంది. సీరియం అలా కాదు, రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారుతూ మళ్లీ మళ్లీ పనికొస్తుంది. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల కళ్లలోకి ఈ రేణువులు ఎక్కించి, తర్వాత తీవ్రమైన వెలుగులో ఉంచారు. రెటీనాలో వెలుగును పట్టే నాడీకణాలు చాలావరకు నిలబడ్డాయి.

జన్యువు మార్చక్కర్లేదు కాబట్టి నాకు ఈ సీరియం దారే మనిషికి దగ్గరగా కనిపిస్తుంది. అయితే అరగని రేణువు ఒంట్లో ఏళ్ల తరబడి ఉంటే లివర్ సంగతేంటి, మెదడులో వాపు వస్తుందా అన్నది ముందు తేలాలి.

ఇంట్లో పార్కిన్సన్స్‌తో నాన్నో అమ్మమ్మో ఉన్నవాళ్లకు ఒక మాట. నేను చెప్పిన రెండూ ఎలుకల మీద జరిగిన ప్రయోగాలే. ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఆపకండి, నానో మందు అని ఎవరైనా అమ్మజూపితే కొనే ముందు మీ న్యూరాలజిస్టుకు చూపించండి.