పెదవి మీద కస్తూరి: ఒక అన్నమయ్య పదం, మా క్లాసు పిల్లలు

అందరికీ నమస్కారం.

మొన్న మా డిగ్రీ పిల్లలకు ఒక పదం కాగితం మీద ఇచ్చాను. కవి పేరు చెప్పలేదు, పాట వినిపించలేదు. రాగం చెవిన పడితే భక్తి ముందే వచ్చి కూర్చుంటుందని నా భయం. ‘ఏమొకో చిగురుటధరమున యెడనెడ కస్తూరి నిండెను, భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదుగదా’. అంటే, చిగురులాంటి పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటింది, అది ఆమె ప్రియుడికి రాసిన ఉత్తరం కాదు కదా అని. చదవగానే ఏమనిపించిందో రాయమన్నాను.

"కస్తూరి నుదుటికి కదా, పెదవికెందుకు అంటింది?" అని చాలామంది అడిగారు. ఒకమ్మాయి మాత్రం, "పెదవి చిగురాకు. పత్రమన్నా ఆకే. అందుకే ఉత్తరం అన్నాడేమో" అని రాసింది. ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఆ రెండాకులనూ నేను కలిపి చూడలేదు.

తర్వాతి చరణంలో నాయిక కడకన్నులు ఎర్రబడ్డాయి. ప్రియుడి మీద నాటిన చూపుల్ని పెరికితే అంటిన నెత్తురేమో అంటాడు కవి. "ప్రేమలో ఇంత రక్తపాతమా!" అన్నాడొకడు. "రాత్రి నిద్ర లేదు, అంతే" అని వెనక బెంచీ తీర్పు. వ్యాఖ్యాతలైనా ఇంతకన్నా ఏం చెబుతారు?

చివరి చరణంలో తిరువేంకటపతి పేరు రాగానే క్లాసు గప్‌చుప్. "దేవుడి పేరు చివర్లో అతికించారు" అని ఒకబ్బాయి రాశాడు. ఇలాంటిచోట మనం జీవాత్మ, పరమాత్మ అని గబగబా చెప్పేసి గట్టెక్కుతాం. నేనూ అదే చేసేదాన్ని. నిజం చెప్పాలంటే, అదే చరణంలో ఉన్న ‘సురతపు చెమటలు’, అంటే కలయికలో పట్టిన చెమటలు, దాటడానికి.

అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన సంకీర్తనలు చెక్కిన తిరుమల రాగిరేకుల్లోనే అధ్యాత్మం వేరు, శృంగారం వేరు. తేడా వాటిని చెక్కించినవాళ్లకు తెలుసు. అయినా రెండింటా ముద్ర, అంటే పాట చివర వచ్చే పేరు, ఆ వేంకటేశుడిదే. కాబట్టి ఆ అబ్బాయి అనుమానాన్ని తప్పని కొట్టేయలేకపోయాను.

పైగా ఈ పదంలో నాయిక ఒక్క మాటా మాట్లాడదు. ‘చింతింపరె చెలులు’, ‘ఊహింపరె చెలులు’ అంటూ చుట్టూ ఉన్నవాళ్లు ఊహించడమే. ప్రతి ఊహా ‘కాదుగదా’ దగ్గర ఆగుతుంది. మా పిల్లలు చేసిందీ ఆ చెలుల పనే.

మర్నాడు ఆ అబ్బాయే వచ్చాడు. "దేవుడి పేరు తీసేసి చదివాను మేడం. పక్కింటివాళ్ల ముచ్చటలా ఉంది."

"మరి ఉంచి చదివితే?"

కాసేపు ఆలోచించాడు. "మనం వినకూడనిది విన్నట్టుంది."