వంటగది లేని ఇల్లు: బ్రెకెన్‌రిడ్జ్‌లో బార్నీ ఫోర్డ్ ఇంటి రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ ట్రిప్‌కి కారు ఒక అద్దె కార్ల కంపెనీ ఫ్రీగా ఇచ్చింది. ఇంటి గురించి మాట్లాడమని మాత్రం ఎవరూ డబ్బులివ్వలేదు. ఇప్పుడిది మ్యూజియం. టైమింగ్స్, పార్కింగ్ జోలికి పోకుండా నేరుగా లోపలికి వెళ్దాం.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం కొండల్లో, 9,600 అడుగుల ఎత్తున ఉన్న ఊరు బ్రెకెన్‌రిడ్జ్. ఈ విక్టోరియన్ ఇల్లు 1882లో కట్టించుకున్నది బార్నీ ఫోర్డ్. వర్జీనియాలో బానిసగా పుట్టి, తప్పించుకుని, హోటళ్ల వ్యాపారంలో పైకొచ్చిన నల్లజాతి మనిషి.

గదులన్నీ తిరిగాను. వంటగది ఏదండీ? లేదు! కట్టించుకున్నప్పుడే పెట్టించుకోలేదు. ఊళ్లో ఆయన సొంత రెస్టారెంట్ ఉండేది, భోజనం అక్కడి నుంచే వచ్చేది. మా అమ్మకి ఫోన్‌లో చెబితే, "మరి గృహప్రవేశానికి పాలెక్కడ పొంగించారు?" అంది. మనకి ఇల్లంటే ముందు పొయ్యి కదా! నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఈయన ఇక్కడికి మొదట 1860లో బంగారం కోసం వచ్చాడు. నల్లవాళ్ల పేరు మీద క్లెయిమ్, అంటే బంగారం తవ్వుకునే స్థలం మీద హక్కు, రాయనిచ్చేవాళ్లు కాదు. ఈయన తరఫున ఒక లాయరు తన పేరున రాయించుకుని, చివరికి ఈయన్నే తరిమేశాడని చెబుతారు. డెన్వర్ వెళ్లి మంగలి షాపు పెట్టాడు. 1863 అగ్నిప్రమాదంలో అంతా కాలిపోయింది. అప్పు చేసి మళ్లీ కట్టి, పీపుల్స్ రెస్టారెంట్ తెరిచాడు. తర్వాత డెన్వర్‌లో, పక్కనే వయోమింగ్‌లో ఉన్న షయెన్ ఊళ్లో ఇంటర్ ఓషన్ అనే పేరుతో హోటళ్లు పెట్టాడు. కొలరాడో అప్పటికింకా రాష్ట్రం కాలేదు; నల్లవాళ్లకి ఓటు లేకుండా రాష్ట్రం చేస్తే మాకొద్దని వాషింగ్టన్ దాకా వెళ్లి పోరాడాడు. ఇదంతా అయ్యాక, తనని తరిమిన ఊరికే తిరిగొచ్చి, సొంత రెస్టారెంట్ భోజనం ఇంటికి తెప్పించుకునే స్థాయిలో ఇల్లు కట్టుకున్నాడు. నాకైతే ఒళ్లు పులకరించింది.

ఇంతకు ముందు చూసిన ఒక పాత బంగళాలో గంటసేపు కుర్చీలు, కర్టెన్ల గురించే చెప్పారు, కట్టించినాయన గురించి ఒక్క ముక్క లేదు. ఆ చిరాకు నాకింకా పోలేదు. ఇక్కడ మాత్రం మనిషే కనిపిస్తాడు.

ఇల్లు చిన్నదే, అరగంటలో అయిపోతుంది. అయినా నా మాట విని వెళ్లండి. మంచులో ఆడుకోవడానికి ఇక్కడికి మన తెలుగువాళ్లు బోలెడంతమంది వస్తున్నారు. ఒక్క పూట ఆపి లోపలికి రండి, పిల్లల్ని కూడా తీసుకురండి. ఊరి దగ్గర ఒక గుట్టకి 1964 దాకా నల్లవాళ్లని తిట్టే పేరే ఉండేది. ఇప్పుడది బార్నీ ఫోర్డ్ హిల్. దాన్నీ చూపించండి.